ఎన్నికల పాటకు సర్టిఫికెట్ తెచ్చుకోవడం: నా అనుభవం

2023 అక్టోబరు 9న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. రెండు రోజులు గడవకముందే నాకు ఫోన్ వచ్చింది. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక నియోజకవర్గం నుంచి పోటీకి దిగబోతున్న ఒకాయన తరఫు మనిషి. "అన్నా, మన అన్నకు ఒక పాట కావాలె. వారం రోజుల్ల అయిపోవాలె. మంచి హిట్ సినిమా పాట మీద కొట్టు, జనానికి తొందరగ ఎక్కుతది" అన్నాడు.

పార్టీ పేరు, నియోజకవర్గం పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే చదివేవాళ్ల ధ్యాస ఆ పార్టీ మీదికే పోతుంది. నేను చెప్పాలనుకున్నది పాట గురించి, ఆ పాటను కలెక్టరేట్ దాకా తీసుకుపోయి దానికి సర్టిఫికెట్ తెచ్చుకున్న నెల రోజుల గురించి. మా దగ్గర ఎన్నికల పాటలు రాసే తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఈ సర్టిఫికెట్ ఒకటి ఉంటుందనే తెలియదు. అప్పటిదాకా నాకూ సరిగ్గా తెలియదు.

నేను పదేళ్లకు పైగా పాటలు రాస్తున్నాను. ఎక్కువగా జానపదాలు, బతుకమ్మ పాటలు. 2018 అసెంబ్లీ ఎన్నికలప్పుడు కూడా ఒక అభ్యర్థికి రాశాను. అది పేరడీనే. సినిమా పాట కరోకే ట్రాక్ నెట్‌లో దొరికింది, దాని మీద మా మాటలు పెట్టి పాడించి, వీడియో చేసి పైకి ఎక్కించాం. వారంలో లక్ష మంది చూశారు, ఊళ్లలో పిల్లలు పాడుకుంటున్నారని మేం సంబరపడుతుండగానే, పోలింగ్ ఇంకా నాలుగు రోజులు ఉందనగా వీడియో మాయమైంది. ట్యూన్ హక్కులున్న మ్యూజిక్ కంపెనీ తీయించేసింది. వాళ్ల తప్పేమీ లేదు, ట్యూన్ వాళ్లది. కానీ అభ్యర్థి తరఫు వాళ్లు ఆ రాత్రంతా నా మీద అరిచారు, నాకు రావాల్సిన సగం డబ్బులు కూడా అక్కడే ఆగిపోయాయి.

అందుకే ఈసారి మొదటి మాటే చెప్పేశాను, సినిమా ట్యూన్ వద్దు, నేనే కడతా అని. అవతల కాసేపు మాట లేదు. "సొంత ట్యూన్ అయితే జనం పడతరా అన్నా?" అని అడిగాడు. మా జిల్లాలో ఆ ప్రశ్న అడిగితే నాకు ఎట్లనో అనిపించింది. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి ‘బండెనక బండి గట్టి’ పాట కట్టింది ఏ సినిమా ట్యూన్ మీద? ఆయన పాటనే తర్వాత సినిమా తీసుకుంది. ఇంకో సంగతి కూడా నా మనసులో తిరుగుతోంది. ఆ ఏడాది ఆగస్టు 6న గద్దర్ పోయారు. ఎల్బీ స్టేడియంలో ఆయన్ను చూడటానికి పోయినప్పుడు, లైన్లో నిలబడ్డ మనుషులు మైకు లేకుండా, డప్పు ఒక్కటే పెట్టుకుని పాడుతూనే ఉన్నారు. ఆయన జీవితంలో మొదటిసారి ఓటు వేసింది 2018 డిసెంబరులో. అంతకుముందు దశాబ్దాల పాటు ఆ గొంతు ఎన్నికలే వద్దంది. అయినా ఈ రోజు ఏ పార్టీ పాట తీసుకున్నా ఆయన ఎత్తుగడ, ఆయన విరుపు ఎక్కడో ఒకచోట వినిపిస్తాయి. అది తలుచుకున్నప్పుడు కరోకే ట్రాక్ కోసం వెతకాలనిపించలేదు.

పాట రాయకముందు రెండు రోజులు ఆ నియోజకవర్గంలో తిరిగాను. అభ్యర్థి తరఫు వాళ్లు నాకు వాట్సాప్‌లో ఒక లిస్టు పంపారు, ఏ ఊళ్లో ఏ కులం ఎంతమంది, ఎవరి పేరు పాటలో పడాలి, అవతలి అభ్యర్థిని ఏమని తిట్టాలి. ఆ లిస్టు జేబులో పెట్టుకునే తిరిగాను. ఒక ఊళ్లో చెరువు కట్ట మీద ఒక అవ్వ గేదెను మేపుతూ కనిపించింది. ఓట్ల సంగతి అడిగితే మాట దాటేసింది. చెరువు సంగతి అడిగితే మాత్రం నన్ను చెయ్యి పట్టుకుని తూము దగ్గరికి తీసుకుపోయింది. తూము షట్టర్ కింద రాయి జారి నీళ్లు సన్నగా కారుతున్నాయి, ఆ కారేచోట ఎవరో పాత చీర ముక్క, గడ్డి కలిపి కుక్కారు. చీర ఎర్ర అంచుది. "నిండిన చెరువు నాట్లకు ముందే ఎల్లిపోతది బిడ్డా, ఎవలు జూస్తరు, ఎవలు జేస్తరు" అంది. ఆమె అన్న లయలోనే చరణం వచ్చేసింది నాకు.

"చెరువు తూము కారిపాయె, చేను గొంతు ఎండిపాయె
ఎవలు జూస్తరు బిడ్డా, ఎవలు జేస్తరు"

ఈ రెండు లైన్లు రాసుకుని బస్సెక్కాను. మిగతా పాట ఎంగిలిపూల బతుకమ్మ నాడు, అంటే అక్టోబరు 14న, మా వాడలో ఆడోళ్లు ఆడుతుంటే అరుగు మీద కూర్చుని కట్టాను. వాళ్ల చప్పట్ల వేగమే నా పాట వేగం.

రికార్డింగ్ దసరా దాటాక హైదరాబాద్‌లో, యూసుఫ్‌గూడలో ఒక చిన్న స్టూడియోలో. మెయిన్ గొంతు కోసం పిలిచిన చెల్లె అప్పటికి మూడు వారాలుగా రోజుకు రెండు మూడు బతుకమ్మ పాటలు పాడుతోంది. గొంతు బొంగురు పోయింది. వేడినీళ్ల ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ప్రతి టేక్‌కు ముందు ఒక గుక్క తాగేది. "ఎవలు జూస్తరు" దగ్గర ఆమె గొంతు కొంచెం చీలింది. ప్రోగ్రామర్ మళ్లీ తీద్దామన్నాడు. నేను వద్దన్నాను, ఆ చీలికే నాకు కావాలి. కోరస్‌కు నలుగురు అమ్మాయిలు, డప్పుకు ఇద్దరు. నేను, గాయని, కోరస్, డప్పు, ప్రోగ్రామింగ్, మిక్సింగ్ అన్నీ కలిపితే ఎనభై వేలు అయింది. ఈ ఎనభై వేల సంగతి తర్వాత పెద్ద గొడవైంది కాబట్టి చెబుతున్నా.

పాట పంపితే అన్నకు నచ్చింది. ఎల్ఈడీ తెర పెట్టిన ప్రచార రథం మీద, లోకల్ కేబుల్‌లో, యూట్యూబ్‌లో డబ్బులు కట్టి ప్రకటనగా వేస్తామన్నారు. అప్పుడు వాళ్ల లీగల్ చూసే అడ్వకేట్ అడిగాడు, "ఎంసీఎంసీ అయిందా?" అని. అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

ఎంసీఎంసీ అంటే మీడియా సర్టిఫికేషన్ అండ్ మానిటరింగ్ కమిటీ. ఎన్నికలప్పుడు ప్రతి జిల్లాలో ఉంటుంది. టీవీలో, కేబుల్‌లో, రేడియోలో, సినిమా హాల్లో, వీధి తెర మీద, సోషల్ మీడియాలో రాజకీయ ప్రకటన ఏది వేయాలన్నా ముందు వీళ్ల దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. సోషల్ మీడియాను 2013లో కలిపారు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆ రాత్రి కూర్చుని వెతికితే ఆశ్చర్యపోయాను. దీని మూలం మన దగ్గరి కేసే. కేబుల్ టీవీ రూల్స్ రాజకీయ ప్రకటనలను పూర్తిగా నిషేధించాయి. ఆ నిషేధం చెల్లదని 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. కేంద్రం సుప్రీంకోర్టుకు పోయింది, అవతలి పక్షం జెమినీ టీవీ. లోక్‌సభ ఎన్నికలు నెత్తిమీద ఉన్నాయి, కాబట్టి ప్రకటనలు వేసుకోవచ్చు, కానీ ముందుగా చూసి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉండాలని ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇప్పుడు దేశమంతా నడుస్తున్న పద్ధతి అదే.

నవంబరు 6న అన్న నామినేషన్ వేశాడు. 8న నేనూ, వాళ్ల ఏజెంటూ కలిసి కలెక్టరేట్‌కు పోయాం. నేను పోవాల్సిన అవసరం నిజానికి లేదు, దరఖాస్తు అభ్యర్థి పేరు మీదే ఉంటుంది. కానీ మాటల గురించి అడిగితే చెప్పేవాళ్లు ఉండాలని వెంట పెట్టుకున్నారు.

ఏమేం కావాలంటే, వేయబోయే రోజుకు కనీసం మూడు రోజుల ముందు దరఖాస్తు పడాలి. రిజిస్టర్ కాని పార్టీలు, ఇతర వ్యక్తులు అయితే ఏడు రోజులు. పాట రెండు కాపీలు ఇవ్వాలి, మేం పెన్‌డ్రైవ్‌లలో ఇచ్చాం. పాటలోని ప్రతి మాటా కాగితం మీద రాసి, అటెస్ట్ చేయించిన ట్రాన్స్‌క్రిప్ట్ రెండు కాపీలు. తయారీకి ఎంత ఖర్చయింది, ఎక్కడ ఎన్నిసార్లు వేస్తారు, దానికి ఎంత అవుతుంది. డబ్బు చెక్కు లేదా డీడీ ద్వారానే కడతామని హామీ.

ట్రాన్స్‌క్రిప్ట్ నేనే రాశాను. పదేళ్లలో నా పాటను అంత నెమ్మదిగా నేను ఎప్పుడూ చదవలేదు. పాట కట్టేటప్పుడు నోట్లో తిరుగుతుంది, కాగితం మీద సగం మాటలే ఉంటాయి, మిగతా సగం గొంతులో ఉంటుంది. ఇప్పుడు కోరస్‌లో వచ్చే "ఓ" కూడా రాయాలి. మూడో చరణం రాస్తుంటే చెయ్యి ఆగింది. అవతలి అభ్యర్థి మీద "పర్సెంటు మింగినోడు, పక్కూరి దొరగాడు" అని ఉంది. స్టూడియోలో అందరం నవ్వుకుని చప్పట్లు కొట్టిన లైన్ అది. కింద సంతకం పెట్టే చోటు చూశాక నన్ను నేనే అడుక్కున్నా, ఈ పర్సెంటు సంగతి నాకు ఎవరు చెప్పారు? వాట్సాప్ లిస్టు చెప్పింది. దానికి ఎవరు చెప్పారో తెలియదు. నాకు ఆ సాయంత్రమే దాన్ని తీసేయాలనిపించింది. ఏజెంటు ఒప్పుకోలేదు. "వాళ్లు ఆపితే చూద్దాం, మనమే ఎందుకు తీసుడు" అన్నాడు. అలాగే ఇచ్చేశాం. ఆ రోజు గట్టిగా చెప్పకపోవడం నా తప్పు.

ఖర్చు దగ్గర ఇంకో పేచీ. అభ్యర్థి ఖర్చు పరిమితి నలభై లక్షలు, నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం దాకా లెక్క. నామినేషన్‌కు ముందు చేయించిందైనా సరే, తర్వాత వాడితే అదీ లెక్కలోకి వస్తుంది. ఏజెంటు నన్ను ఇరవై వేలకు బిల్లు రాసివ్వమన్నాడు. మిగతా అరవై వేలు చేతికి ఇస్తామన్నాడు. ఒక మనిషికి ఎన్నిక మొత్తం మీద పదివేలకు మించి నగదు ఇవ్వకూడదని రూలుందని అడ్వకేటే చెప్పాడు, అయినా ఏజెంటు వినలేదు. నేను ఎనభై వేలకే రాశాను. గొప్ప కోసం చెప్పడం లేదు. గాయనికి పదిహేను వేలు ఇచ్చినట్టు, కోరస్ అమ్మాయిలకు తలా పదిహేను వందలు ఇచ్చినట్టు కాగితం మీద ఉంటేనే రేపు వాళ్ల డబ్బులు అడగడానికి నా చేతిలో ఏదైనా ఉంటుంది. 2018లో సగం డబ్బులు పోయింది నోటిమాట మీద పనిచేసినందుకే.

రెండు రోజుల్లో కబురు వచ్చింది. మూడు అభ్యంతరాలు ఉన్నాయి, వచ్చి మాట్లాడండి అని.

గదిలో ముగ్గురు ఉన్నారు. గోడకు రెండు టీవీలు, వాటి ముందు ఇద్దరు కుర్రాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చానళ్లు చూస్తూ రిజిస్టర్‌లో ఏదో రాస్తున్నారు. మాతో మాట్లాడిన మేడమ్ నా ట్రాన్స్‌క్రిప్ట్ కాపీ ముందు పెట్టుకున్నారు, పెన్సిల్‌తో మూడు చోట్ల గీత ఉంది.

మొదటిది నేను భయపడ్డదే. పర్సెంటు లైన్. రుజువు లేని ఆరోపణ, వ్యక్తిగత తిట్టు. వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు.

రెండోది కులాలది. "గొల్లన్న రావాలె, గౌడన్న రావాలె, సాలోల్ల మల్లన్న తానూ రావాలె" అని పిలుపు చరణం ఉంది. మన దగ్గర ఎన్నికల పాటల్లో ఇది మామూలు. వినేవాడు తన పేరు ఎప్పుడొస్తుందా అని చూస్తాడు, రాకపోతే అలుగుతాడు. అందుకే ఆ వాట్సాప్ లిస్టు. కులం పేరు మీద ఓటు అడగకూడదని మేడమ్ అన్నారు. పిలుస్తున్నాం గానీ అడగడం లేదు కదా మేడమ్ అన్నాను. ఆమె నా కాగితం తిప్పి ఆ చరణం చివరి లైను చదివారు. అక్కడ గుర్తు ఉంది, "గుద్దాలె" అని ఉంది. నేను ఇంకేం మాట్లాడలేదు.

మూడోది మాత్రం నన్ను బాగా కదిలించింది. పాట ఎత్తుగడలో "ఎల్లమ్మ తల్లి సాక్షిగ ఎత్తినాము జెండ" అని ఉంది. దాన్ని తీయమన్నారు. నాకు కోపం వచ్చింది, నిజంగానే. మా దగ్గర పాట ఎత్తుకోవడమంటేనే ఎల్లమ్మను, మైసమ్మను తలుచుకోవడం. నాటు వేసే ఆడోళ్లు మొదటి నారు కట్ట పట్టుకునేటప్పుడు కూడా తలుచుకుంటారు. అది మతం అని మాకెప్పుడూ అనిపించదు, ఊపిరి లాగా ఉంటుంది. ఇదంతా మేడమ్‌కు చెప్పాను, గొంతు కొంచెం పెరిగిందేమో కూడా. ఆమె విన్నారు, మధ్యలో ఆపలేదు. తర్వాత అన్నారు, "మా అమ్మ కూడా అట్లనే పాడేది తమ్ముడూ. మీరు చెప్పింది అబద్ధం అనడం లేదు. కానీ ఈ పాట నాటు దగ్గర పాడేది కాదు కదా. దేవతను సాక్షిగా పెట్టి, ఆ లైనులోనే జెండా పెట్టి, నాలుగో లైనులో ఓటు అడుగుతున్నారు. రేపు ఇంకొకరు ఇంకో దేవుణ్ని పెట్టుకుని వస్తే నేను ఏమని ఆపాలె?"

బయటికొచ్చి చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు 2017 జనవరి 2న వచ్చింది, ఏడుగురు జడ్జీలు, నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. మతం, కులం, భాష పేరుతో ఓటు అడగడం తప్పేనని, అభ్యర్థి మతమే కాదు ఓటరు మతం పేరుతో అడిగినా తప్పేనని మెజారిటీ తీర్పు. జనం తమ కులం వల్ల, మతం వల్ల పడ్డ కష్టాలను ఎన్నికల్లో మాట్లాడకుండా ఎట్లా ఆపుతారని మిగతా ముగ్గురు అన్నారు. అంత పెద్ద జడ్జీలే నాలుగు, మూడుగా విడిపోయిన సంగతి మీద నేను ఒక చెట్టు కింద తేల్చగలిగింది ఏమీ లేదు. కానీ మేడమ్ అడిగిన చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదన్నది మాత్రం ఒప్పుకున్నాను. ఎల్లమ్మను నేను తెచ్చింది భక్తితో కాదు. ఆ పేరు వింటే జనం లేచి నిలబడతారని తెచ్చాను.

మార్చడానికి ఒక్క రాత్రే ఉంది. ట్రాక్ అదే ఉండాలి, కోరస్ మళ్లీ పిలిచే డబ్బు లేదు, గాయని వరంగల్‌లో ఇంకో పాటకు పోయింది. అందుకని వీలైనంత తక్కువ మార్చి, అదే లయలో, అదే అక్షరం మీద బరువు పడేలా రాయాలి. ఇది రాసేవాళ్లకు అర్థమవుతుంది. "ఎల్లమ్మ తల్లి సాక్షిగ" పోయి "ఎల్లలన్ని దాటివచ్చి ఎత్తినాము జెండ" అయింది. ఎల్ల శబ్దం అక్కడే ఉంది, డప్పు దెబ్బ పడేచోట పడుతుంది.

కులాల చరణం దగ్గర తెల్లవారుజాము మూడింటిదాకా కూర్చున్నాను. పేర్లు తీసేస్తే ఖాళీగా ఉంది. అందరినీ కలిపి ఒక మాట అందామంటే అది అందరూ వాడి వాడి అరిగిపోయిన మాట. చివరికి మనుషుల పేర్లు వదిలేసి వాళ్ల చేతుల్లో ఉండేవి పెట్టాను.

"గొంగడేసుకోని రా, మోకు భుజానేసి రా
మగ్గమిడిసి రా అన్న, కొలిమి ఆర్పి రా"

రాసి నేనే పైకి పాడుకున్నాను. నాకైతే మొదటి దానికంటే ఇదే బాగుంది. మా నాన్న గొంగడి కళ్ల ముందు కనిపించింది, దాని మీద వాన పడితే వచ్చే వాసనతో సహా. కులం పేరు రాసినప్పుడు అది రాలేదు. పర్సెంటు లైను స్థానంలో "పనులెక్కడ పోయెనని పట్టి అడుగు తమ్ముడు" అని పెట్టాను. అది ఎవరినైనా అడగొచ్చు, మా అన్న గెలిచినా అడగొచ్చు.

గాయని వరంగల్‌లో తను పాడుతున్న స్టూడియోలోనే పదిహేను నిమిషాలు అడిగి తీసుకుని, ఆ లైన్లు పాడి పంపింది. ఫోన్లో లయ చప్పట్లతో చెప్పాను. మళ్లీ ట్రాన్స్‌క్రిప్ట్, మళ్లీ పెన్‌డ్రైవ్‌లు, 11న ఇచ్చాం. దీపావళి మధ్యలో పోయింది, 13న సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఒక పేజీ. పైన నంబరు, తేదీ, కింద సంతకాలు. ఆ నంబరు వీడియోలో కనబడాలన్నారు, పెట్టాం.

మేడమ్ ఆ రోజు గొంగడి లైను దగ్గర వేలు పెట్టి, "ఇది బాగుంది" అన్నారు. అంతే అన్నారు. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

నవంబరు మూడో వారంలో పాట రోడ్డెక్కింది. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతా పాటలే, పెద్ద పార్టీల పాటలు పెళ్లి బరాత్‌ల్లో కూడా మోగాయి, పార్టీతో సంబంధం లేనివాళ్లు కూడా ఎగిరారు. ఒక సాయంత్రం మండల కేంద్రం చౌరస్తాలో మా బండి ఆగింది, ఎదురుగా అవతలి పార్టీ బండి వచ్చి ఆగింది. రెండు పాటలూ ఒకేసారి మోగుతున్నాయి. కాసేపటికి నాకు అర్థమైంది, రెండింట్లోనూ గొంతు ఒకటే. మా చెల్లెదే. చాయ్ బండి దగ్గర ఉన్న ముసలాయన కూడా పట్టేశాడు, "గీ పోరి ఎవలకు ఓటెయ్యమంటున్నది?" అని పక్కాయనను అడిగాడు. చుట్టూ నవ్వారు.

ఆ రాత్రి ఆమెకు ఫోన్ చేశాను. కోపంతో కాదు, ముందే తెలిస్తే బాగుండేదని. ఆమె చెప్పింది, "అన్నా, బతుకమ్మకు ఇరవై రోజులు, ఓట్లకు నలభై రోజులు. ఏడాదిల నా గొంతుకు పని దొరికేది గంతే. అమ్మ మందులు గీ పైసలతోనే. ఎవలు పిలిస్తె వాళ్లకు పాడుత. నేను పాడినోళ్లకే ఓటెయ్యాల్నని లేదు గద." ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పార్టీల మీద అభిమానంతో ఆ అమ్మాయి పాటల కింద కామెంట్లలో అమ్ముడుపోయిందని రాసినవాళ్లు ఉన్నారు. రాసినవాళ్లు ఆ ఫ్లాస్కును చూడలేదు, ఒక్క టేక్ కోసం ఆమె ఎన్నిసార్లు దగ్గిందో చూడలేదు. నాయకులు పార్టీలు మారితే కండువా కప్పి దండలేస్తారు, పాడే పిల్ల రెండు చోట్ల పాడితే మాత్రం విశ్వాసం లేనిదంటారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

28న సాయంత్రం ఐదింటికి ప్రచారం బంద్ అయింది. ఐదుకు ఐదు నిమిషాల ముందు మా బండి డ్రైవర్ నాకు వీడియో కాల్ చేశాడు, చివరిసారి మోగుతోంది చూడన్నా అని. టైమ్ కాగానే చరణం మధ్యలోనే ఆపేశాడు. 30న పోలింగ్, డిసెంబరు 3న ఫలితం. మా అన్న ఓడిపోయాడు. మాకు రావాల్సిన డబ్బులు నగదుగా కాక చెక్కుల మీద మొత్తం వచ్చాయి. బిల్లు ఉండబట్టి కోరస్ అమ్మాయిలకు కూడా ఆగకుండా ఇవ్వగలిగాను.

2024 మార్చిలో లోక్‌సభ ఎన్నికలకు మళ్లీ ఫోన్ వచ్చింది, వేరే వాళ్ల నుంచి. ఇప్పుడు నేను మొదట అడిగేవి ఇవి: దరఖాస్తు ఎవరి పేరు మీద వేస్తారు, నాకూ గాయనికీ ఏ అకౌంట్ నుంచి వేస్తారు, పాటలో పెట్టమన్న ఆరోపణకు మీ దగ్గర ఏ కాగితం ఉంది. పాట పూర్తయ్యాక స్టూడియోకు పోయే ముందే ట్రాన్స్‌క్రిప్ట్ రాసుకుంటున్నాను, రికార్డింగ్ అయ్యాక కాదు. కొత్తగా రాసే తమ్ముళ్లు ఈ ఒక్కటి చేసుకోండి, రెండోసారి పాడించే ఖర్చు మిగులుతుంది, రాత్రి నిద్ర కూడా పడుతుంది.

ఆ మధ్య జనవరిలో, యాసంగి నాట్లప్పుడు, ఆ చెరువు కింద ఊరికి వేరే పని మీద పోయాను. తూము దగ్గరికి కూడా పోయి చూశాను. ఎర్ర అంచు చీర ముక్క అట్లాగే ఉంది, దాని మీద ఇంకో గుడ్డ, నీలం రంగుది, కుక్కారు. పక్క మడిలో పదిమంది ఆడోళ్లు నాటు వేస్తూ పాడుతున్నారు. ట్యూన్ నాదే. అన్న పేరు లేదు, గుర్తు లేదు. మొదట్లో ఎల్లమ్మ ఉంది. "ఎవలు జూస్తరు, ఎవలు జేస్తరు" దగ్గర ఒకామె నడుం ఎత్తి, గట్టు మీద నిలబడ్డ నన్ను చూసి, సర్పంచ్ పేరు కలిపి పాడింది, మిగతావాళ్లు అందుకున్నారు. పాట రాసింది నేనని చెప్పలేదు. గట్టు మీద కూర్చుని వాళ్లు మార్చిన మాటలన్నీ ఫోన్‌లో రాసుకున్నాను.